మీడియా కంప్యూటర్‌కు రిమోట్: ఒక ఎంపిక వెనుక ఏడు దశాబ్దాలు

హాల్లోని టీవీకి తగిలించి సినిమాలు, పాటలు, రికార్డు చేసుకున్న కార్యక్రమాలు చూడటానికే కేటాయించిన కంప్యూటర్‌ను మీడియా పీసీ అంటారు. 2000 తర్వాతి తొలి అయిదారేళ్లలో అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇటువంటి కంప్యూటర్లను సొంతంగా అమర్చుకునే అభిరుచి బాగా పెరిగింది. హార్డ్‌డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, చప్పుడు చేయని ఫ్యాను అన్నీ సమకూరాక చివరికి ఒక చిక్కు మిగిలేది: దీన్ని సోఫాలో కూర్చుని నడిపేదెలా? టీవీనో వీసీఆర్‌నో కొన్నవారికి ఈ ప్రశ్న ఎదురయ్యేది కాదు, ఎందుకంటే యంత్రమూ దాని రిమోట్టూ ఒకే అట్టపెట్టెలో ఇంటికి వచ్చేవి. కంప్యూటర్ మాత్రం బల్ల ముందు కీబోర్డు మీద చేతులుంచి కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకొని తయారైన యంత్రం కనుక, రిమోట్‌ను బయటి నుంచి తెచ్చుకోవాలి, తెచ్చాక దాని మాట వినడం కంప్యూటర్‌కు నేర్పాలి. ఆకారం, బటన్ల సంఖ్య, ధర అన్న మూడు కొలతలతో రిమోట్లను పోల్చి చూడటం వాడుకగా మారినా, ఎంపికను ఎప్పుడూ శాసించింది చేతిలోని పరికరం కంటే దాని సంకేతాన్ని అందుకునే రిసీవరేనని ఈ పరికరపు చరిత్ర చెబుతోంది.

రిమోట్ పుట్టుకలోనే ఈ సంగతి కనబడుతుంది. షికాగోకు చెందిన జెనిత్ సంస్థ 1950లో ‘లేజీ బోన్స్’ అనే పేరుతో అమ్మిన తొలి టీవీ రిమోట్‌కు పొడవాటి తీగ ఉండేది. అది గది మధ్యగా నేల మీద పడి ఉండి నడిచేవారి కాళ్లకు తగులుకునేది. అయిదేళ్ల తర్వాత, 1955లో, అదే సంస్థ ఇంజనీరు యూజీన్ పాలీ తీగను తీసేసి వెలుగును వాడాడు. ‘ఫ్లాష్‌మ్యాటిక్’ అన్న ఆ పరికరం పిస్తోలు ఆకారంలో ఉండే టార్చిలైటు. తెర నాలుగు మూలల్లో అమర్చిన నాలుగు ఫోటోసెల్స్ మీద, అంటే వెలుగు పడగానే విద్యుత్ స్పందన ఇచ్చే భాగాల మీద, గురిచూసి వెలుగు వేస్తే ఒక మూల ఛానల్‌ను ముందుకు, మరొక మూల వెనక్కు తిప్పేది, ఇంకో మూల శబ్దాన్ని ఆపేది, మిగిలినది టీవీని ఆర్పేది. లోపమంతా అందుకునే వైపే ఉంది: ఆ ఫోటోసెల్స్‌కు టార్చి వెలుగేదో కిటికీలోంచి పడే ఎండ ఏదో తెలియదు కనుక సూర్యుడు సరైన కోణానికి రాగానే ఛానళ్లు తమంతట తామే మారిపోయేవి.

ఈ గొడవను తప్పించే పని వియన్నాలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది అమెరికా చేరిన రాబర్ట్ ఆడ్లర్ చేతికి వచ్చింది. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఆయన ‘స్పేస్ కమాండ్’లో బ్యాటరీ లేదు, దీపం లేదు, విద్యుత్తే లేదు. బటన్ నొక్కితే లోపలున్న చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొట్టేది. నాలుగు కడ్డీలు నాలుగు పొడవుల్లో ఉండేవి గనుక ఒక్కొక్కటి మనిషి చెవికి అందని ఒక్కొక్క స్థాయిలో, సెకనుకు సుమారు 40 వేల కంపనాల దరిదాపుల్లో మోగేది. బ్యాటరీ వద్దన్నది జెనిత్ అమ్మకాల విభాగం: బ్యాటరీ అయిపోయిన రోజున కొన్నవారు టీవీయే చెడిపోయిందనుకుంటారని వారి భయం. చేతిలోని భాగాన్ని ఇంత సరళంగా ఉంచినందుకు మూల్యం టీవీ చెల్లించింది. ఆ అతిధ్వనిని పట్టి, నాలుగు స్థాయిలను వేరుచేయడానికి లోపల అదనంగా ఆరు వాక్యూమ్ ట్యూబులు అమర్చవలసి వచ్చి టీవీ ధర దాదాపు 30 శాతం పెరిగింది. ట్యూబుల స్థానంలోకి ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ భారం తగ్గి, అతిధ్వని రిమోట్ పాతికేళ్లపాటు నిలిచింది. తాళాల గుత్తి గలగలలాడినా, నాణేలు కింద పడినా ఛానల్ మారే ప్రమాదం మాత్రం చివరిదాకా దాన్ని వదల్లేదు.

నాలుగు ఆజ్ఞలకు కడ్డీలు సరిపోయాయి, నలభై ఆజ్ఞలకు సరిపోవు. బ్రిటన్‌లో బీబీసీ 1974లో ‘సీఫాక్స్’ అనే టెలిటెక్స్ట్ సేవను, అంటే ప్రసారంతోపాటే అక్షరాల పుటలను టీవీ తెర మీదికి పంపే పద్ధతిని, ప్రారంభించినప్పుడు ప్రేక్షకుడు మూడంకెల పుట సంఖ్యను నొక్కవలసి వచ్చింది; రిమోట్ మీదికి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు చేరడానికి ఇదొక బలమైన కారణం. ఇన్ని బటన్లను వేర్వేరు ధ్వనులతో గుర్తించడం అయ్యే పని కాదు గనుక తయారీదార్లు పరారుణ కాంతివైపు తిరిగారు. ఎరుపు రంగుకు అవతల, కంటికి కనబడని ఆ కాంతిని చిన్న ఎల్‌ఈడీ దీపం వెదజల్లుతుంది. రిమోట్ కొసను సెల్‌ఫోన్ కెమెరా ముందుంచి బటన్ నొక్కితే చాలా ఫోన్లలో అది లేత ఊదారంగు మెరుపుగా కనబడుతుంది. ఎండలోనూ గదిలోని దీపాల్లోనూ ఈ కాంతి ఉంటుంది కాబట్టి, రిమోట్ దాన్ని సెకనుకు 36 వేల నుంచి 40 వేల సార్లు వెలిగించి ఆర్పుతూ పంపుతుంది. ఆ వేగంతో మినుకుమనే వెలుగును మాత్రమే రిసీవర్ లెక్కలోకి తీసుకుంటుంది. ఫ్లాష్‌మ్యాటిక్‌ను ఓడించిన సూర్యుడు ఇక్కడ ఓడిపోయాడు.

ఆ మినుకుల వరుసతో ఏ ఆజ్ఞను ఎలా చెప్పాలన్నదే సంకేతభాష, సాంకేతిక పరిభాషలో ప్రోటోకాల్. నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ రూపొందించిన ఆర్‌సీ-5 అనే భాష ఐరోపాలో విస్తరించింది. అందులో ఒక ఆజ్ఞకు 14 బిట్లు, అంటే సున్నా లేదా ఒకటి అనే 14 గుర్తులు ఉంటాయి: మొదటి రెండూ మేలుకొలుపు, ఒకటి మారుగుర్తు, తర్వాతి అయిదూ ఏ యంత్రానికి చెబుతున్నదీ తెలిపే చిరునామా, చివరి ఆరూ అసలు ఆజ్ఞ. చిరునామాల్లో టీవీకి 0, వీసీఆర్‌కు 5, సీడీ ప్లేయర్‌కు 20 కేటాయించారు. మారుగుర్తు ప్రతి కొత్త నొక్కుకూ సున్నా నుంచి ఒకటికీ, ఒకటి నుంచి సున్నాకూ మారుతుంది. అది మారకుండా అదే ఆజ్ఞ మళ్లీ మళ్లీ వస్తుంటే మనిషి బటన్‌ను వదలకుండా పట్టుకున్నాడని, మారితే వదిలి రెండోసారి నొక్కాడని యంత్రం గ్రహిస్తుంది. జపాన్‌లో ఎన్‌ఈసీ సంస్థ భాష దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ప్రతి చిరునామానూ ప్రతి ఆజ్ఞనూ ఒకసారి సూటిగా, ఒకసారి తలకిందులుగా పంపి, రెండూ సరిపోలితేనే నమ్ముతారు. సోనీది మరొకటి. ఈ భాషల పట్టిక ఏ వినియోగదారుడికీ అక్కరలేకపోయింది, ఎందుకంటే ఎవరి టీవీకి వారి రిమోట్ వచ్చింది.

ఒక ఇంట్లో టీవీ, వీసీఆర్, కేబుల్ పెట్టె చేరేసరికి మాత్రం టీపాయ్ మీద మూడు రిమోట్లు పోగుపడ్డాయి. ఒకే పరికరంతో అన్నింటినీ నడిపించే యూనివర్సల్ రిమోట్లు 1985 నుంచి అమెరికా మార్కెట్లో కనబడసాగాయి. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ ఆ సంస్థను వదిలాక స్థాపించిన సీఎల్ 9 సంస్థ 1987లో ‘కోర్’ పేరుతో అమ్మిన రిమోట్ ఇతర రిమోట్ల మినుకులను విని నేర్చుకునేది, కంప్యూటర్‌కు తగిలించి ప్రోగ్రామ్ రాసుకునే వీలూ కల్పించేది. సామాన్యుడికి అది మరీ కష్టమైపోయి వ్యాపారంగా నిలవలేదు. ఆ తర్వాతి తరంలో ‘వన్ ఫర్ ఆల్’ రిమోట్ల బ్యాటరీ మూత కింద ఆరు సూదుల కనెక్టర్ ఒకటి ఉండటం గమనించిన అభిరుచిపరులు దాని ద్వారా లోపలి జ్ఞాపకభాగాన్ని చదివి, తిరగరాసి, చవక రిమోట్‌కు ఏ భాషైనా నేర్పే పద్ధతిని కనుక్కున్నారు. కనెక్టర్‌కు సర్క్యూట్ బోర్డు మీద రాసి ఉన్న గుర్తును బట్టి ఆ విద్యకు జేపీ1 అని పేరొచ్చింది. మీడియా పీసీ కట్టుకునేవారికి ఇది అక్కరకొచ్చింది గాని, సమస్యలో సగానికే సమాధానం: రిమోట్ ఏ భాషైనా మాట్లాడగలదు సరే, కంప్యూటర్‌కు చెవి ఏది?

ఆ చెవిని జనం చేత్తో చేసుకున్నారు. లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌కు పరారుణ సంకేతాలను వినిపించే ‘లిర్క్’ అనే సాఫ్ట్‌వేర్ 1990ల చివర జర్మనీ ప్రోగ్రామర్ల చేతుల్లో రూపుదిద్దుకుంది; దానితో పాటే ఎవరైనా గంటలో టంకం వేసుకోగల రిసీవర్ నమూనా కూడా ప్రచారంలోకి వచ్చింది. దానికి కావలసినవి అయిదు వస్తువులు: టీఎస్‌ఓపీ1738 వంటి మూడు కాళ్ల పరారుణ గ్రాహకం, అయిదు వోల్టులకు కట్టడి చేసే చిన్న రెగ్యులేటర్, ఒక డయోడ్, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. గ్రాహకం పేరులోని చివరి 38 అది పట్టే మినుకుల వేగాన్ని, అంటే 38 కిలోహెర్ట్జ్‌ను చెబుతుంది. 36 కిలోహెర్ట్జ్ మీద మాట్లాడే ఫిలిప్స్ రిమోట్ దానితోనూ పనిచేసేది గాని అందే దూరం తగ్గేది, అటువంటివారు 1736 కొనేవారు. దీన్ని కంప్యూటర్ వెనుక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టుకు తగిలించేవారు. ఆ పోర్టు అసలు మోడెమ్ కోసం ఉద్దేశించినది: పంపమంటారా అని మోడెమ్‌ను అడిగే ఏడో సూది నుంచి రిసీవర్‌కు కరెంటు లాగారు, టెలిఫోన్ అవతలివైపు దొరికిందని మోడెమ్ చెప్పే ఒకటో సూది మీద రిమోట్ మినుకులు వినిపించారు. ఒక పనికి పెట్టిన తీగల చేత మరొక పని చేయించుకోవడంలో చూపిన ఈ చొరవే మీడియా పీసీ తొలినాళ్ల స్వభావాన్ని అన్నిటికన్నా బాగా పట్టి ఇస్తుంది.

రిసీవర్ అమరాక ‘ఐఆర్‌రికార్డ్’ అనే ప్రోగ్రామ్‌ను నడిపి, అది అడిగినప్పుడల్లా ఒక్కొక్క బటన్ నొక్కి, దానికో పేరు పెట్టాలి. పిదప ఏ ప్రోగ్రామ్‌లో ఏ బటన్ ఏ పని చేయాలో మరొక ఫైల్లో వరుసగా రాసుకోవాలి. ఐజాక్ రిచర్డ్స్ 2002లో ప్రారంభించిన ‘మిత్‌టీవీ’ని, అంటే కంప్యూటర్‌ను టీవీ రికార్డర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌ను, వాడినవారిలో చాలామంది ఈ తంతు దాటినవారే. అటకమీది పాత వీసీఆర్ రిమోట్ కూడా ఇలా కంప్యూటర్‌కు పనికొచ్చింది కనుక ఆ కాలంలో రిమోట్ ఎంపిక అంటే చాలా ఇళ్లలో కొనడం కాదు, ఉన్నదాని దుమ్ము దులపడం.

అదే 2002లో మైక్రోసాఫ్ట్ ‘విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్’ను విడుదల చేసి రిమోట్‌నూ రిసీవర్‌నూ తెర మీది మెనూనూ ఒకే కట్టగా ఇచ్చింది. ఆ మెనూను పదడుగుల దూరం నుంచి చదివేందుకు వీలుగా పెద్ద అక్షరాలతో, నాలుగు బాణాలతో తిరిగేట్టు కూర్చారు. రిమోట్ మధ్యనున్న ఆకుపచ్చ బటన్ నొక్కితే ఎక్కడున్నా మొదటి పుటకు చేరవచ్చు. సంకేతభాష ఫిలిప్స్ వారి తర్వాతి తరం ఆర్‌సీ-6. యూఎస్‌బీ తీగతో వచ్చే రిసీవర్ పెట్టె వెనుక రెండు చిన్న రంధ్రాలుండేవి. వాటికి తగిలించిన తీగల కొసల్లోని ఎల్‌ఈడీలను కేబుల్ పెట్టె ముఖానికి అంటిస్తే కంప్యూటరే రిమోట్‌గా మారి రికార్డింగ్ వేళకు ఆ పెట్టెలో ఛానల్ మార్చేది. రిసీవర్‌ను విడిగా అమ్మడం మొదలయ్యాక విండోస్ మొహం చూడని లైనక్స్ వాడకందార్లు కూడా దీన్నే కొన్నారన్నది ఈ చరిత్రలోని చిన్న వినోదం. మైక్రోసాఫ్ట్ మీద ఉన్న అభిప్రాయం ఏదైనా, టంకం వేయకుండా దొరికే నమ్మకమైన చెవి అదే.

విన్నది అర్థం కావడం వేరే సంగతి. లైనక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, 2010 నుంచి పరారుణ రిసీవర్లను తనలో కలుపుకొని, రిమోట్ బటన్లను కీబోర్డు కీల మాదిరే సంఖ్యలతో గుర్తించసాగింది. ఆ లెక్కలో కీబోర్డు మీది ఎంటర్ 28, రిమోట్ మీది ఓకే 352, పై ఛానల్ 402, రిమోట్ మీది సున్నా 512. తెర మీది కిటికీలను నడిపించే ఎక్స్ అనే పాత వ్యవస్థ మాత్రం 255కు మించిన కీ సంఖ్యలను అందుకోలేదు, అందులోనూ ఎనిమిది తనకే మినహాయించుకునేది కాబట్టి 247 దాటిన కెర్నల్ సంఖ్య ఏదైనా దానికి వినబడేది కాదు. అందువల్ల బాణాలు చక్కగా పనిచేస్తూ ఓకే మాత్రం మౌనంగా ఉండే విచిత్రం ఎన్నో ఇళ్లలో కనబడింది. బ్యాటరీలు మార్చినా, రిమోట్‌ను అరచేత్తో చరిచినా లాభం లేదు. 352ను 28గా చదువుకొమ్మని కెర్నల్ వాడే బటన్ల పట్టికలో ఒక పంక్తి మార్చడమే మందు.

పరారుణ కాంతి అందాలంటే రిసీవర్ ఎదురుగా, అడ్డు లేకుండా ఉండాలి, కాబట్టి కంప్యూటర్‌ను అల్మారాలో దాచేవారు రేడియో తరంగాలను ఆశ్రయించారు. ఏటీఐ సంస్థ గ్రాఫిక్స్ కార్డులతోనూ విడిగానూ అమ్మిన ‘రిమోట్ వండర్’ గోడ అవతలి నుంచి కూడా పనిచేసేది, దాని మీది గుండ్రటి బిళ్లతో తెర మీది బాణాన్ని కదిలించవచ్చు. దీనికి పూర్తిగా ఎదురు దారిలో 2005లో యాపిల్ ‘ఫ్రంట్ రో’ సాఫ్ట్‌వేర్‌తో ఆరే బటన్లున్న రిమోట్ ఇచ్చింది. చూడముచ్చటైనదే గాని, జత చేసి కట్టడి చేయకపోతే అదే గదిలోని ప్రతి మ్యాక్ కంప్యూటరూ దాని మాట వినేది. టచ్‌ప్యాడ్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డును ఒళ్లో పెట్టుకోవడం మూడో దారి. దాన్ని రిమోట్ అనడం కన్నా ఓటమిని ఒప్పుకోవడం అనాలి, అయినా సినిమా పేరు వెతకవలసి వచ్చినప్పుడు దానంత పనికొచ్చేది మరొకటి లేదు.

తెలుగు ఇళ్లకు ఈ చిక్కు మరో రూపంలో చేరింది. 2000ల దశకంలో కంప్యూటర్‌లో కేబుల్ టీవీ చూడటానికి కొన్న టీవీ ట్యూనర్ కార్డుల పెట్టెల్లో చిన్న రిమోట్టూ, కార్డుకు గుచ్చే తీగ రిసీవరూ ఉండేవి. ఆ కార్డు డ్రైవర్ ఉన్నంతకాలమే ఆ రిమోట్‌కు బతుకు. డీటీహెచ్ సేవలు, ఆపైన 2013లో రెండో విడత కేబుల్ డిజిటలీకరణ కింద హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లో సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి కావడం వల్ల టీవీకొకటి, బాక్సుకొకటిగా రెండు రిమోట్లు, రెంటికీ రెండు పాలిథిన్ తొడుగులు మామూలైపోయాయి.

పెరిగిన రిమోట్లను మళ్లీ ఒకటిగా కుదించే ప్రయత్నాల్లో కెనడాలో మొదలై 2004లో లాజిటెక్ చేతికి వచ్చిన ‘హార్మొనీ’ అన్నిటికన్నా దూరం వెళ్లింది. అది యంత్రాన్ని కాక పనిని బటన్‌గా పెట్టింది: ‘సినిమా చూడు’ అని నొక్కితే టీవీ వెలిగి, ఆంప్లిఫయర్ సరైన ఇన్‌పుట్‌కు మారి, మీడియా పీసీ మేలుకొనేది. ఏ యంత్రం వెలిగి ఉన్నదో ఏది ఆరి ఉన్నదో రిమోట్ తనలో తాను లెక్కపెట్టుకొనేది. ఒక సంకేతం దారిలో ఎవరి తలో అడ్డొచ్చి తప్పిపోతే లెక్క తప్పి టీవీ ఆరిపోయి ఆంప్లిఫయర్ వెలిగేది. సంకేతాల పట్టికలన్నీ సంస్థ సర్వర్లలో ఉండేవి. 2021లో లాజిటెక్ ఈ రిమోట్ల తయారీని ఆపేసింది.

రిమోట్ తన మాట చేరిందో లేదో తెలుసుకోలేకపోవడం పరారుణ పద్ధతి పుట్టుకతో వచ్చిన లోపం. హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని సీఈసీ అనే ఏర్పాటు ఇక్కడే మెరుగు: ఆ కేబుల్‌లోని పదమూడో తీగ మీద యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, విన్నట్టు జవాబు కూడా ఇచ్చుకుంటాయి. టీవీ రిమోట్ మీది బాణం నొక్కితే టీవీ ఆ సంగతిని ఈ తీగ మీదుగా తనకు తగిలించిన పెట్టెకు చెబుతుంది, కాబట్టి వేరే రిమోటే అక్కరలేదు. శామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలవడంతో తమ ఇంట్లోనే ఈ సౌకర్యం ఉన్న సంగతి చాలామందికి తెలియలేదు. అంతకన్నా పెద్ద అడ్డంకి ఏమిటంటే, సాధారణ కంప్యూటర్ల గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావరకు ఆ పదమూడో తీగను దేనికీ కలపలేదు. పల్స్-ఎయిట్ సంస్థ కేబుల్ మధ్యలో పెట్టే ఒక అడాప్టర్‌ను తయారుచేసి ఆ తీగను యూఎస్‌బీకి మళ్లించవలసి వచ్చింది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్‌లో మాత్రం ఈ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. మొదట ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం పుట్టి, 2014లో ‘కోడి’గా పేరు మార్చుకున్న మీడియా ప్లేయర్‌ను ఆ బోర్డు మీద నడిపినవారు కేబుల్ తగిలించగానే టీవీ రిమోట్ పనిచేయడం చూశారు.

పరారుణ వైపు కూడా అదే కాలంలో ఒక సులువైన దారి తెరుచుకుంది. ‘ఫ్లిర్క్’ వంటి బొటనవేలంత యూఎస్‌బీ రిసీవర్లు ఏ రిమోట్ బటన్‌నైనా విని, కంప్యూటర్‌కు మాత్రం తాము కీబోర్డులమని చెప్పుకుంటాయి. ఏ బటన్ ఏ కీ అన్న పట్టిక రిసీవర్‌లోనే దాగి ఉంటుంది కాబట్టి కంప్యూటర్ మార్చినా, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా మళ్లీ నేర్పే పని లేదు. ఓకే అన్న బటన్ మొదటి నుంచే ఎంటర్‌గా బయలుదేరుతుంది కనుక 352 గొడవ కూడా లేదు. 2015లో వచ్చిన విండోస్ 10 మీడియా సెంటర్‌ను వదిలేసినా ఆకుపచ్చ బటన్ రిమోట్లు మూలపడకపోవడానికి ఇటువంటి రిసీవర్లు కారణమయ్యాయి.

మిగిలిన చిక్కు నిద్రది. నిద్రపోతున్న కంప్యూటర్‌ను రిమోట్‌తో లేపాలంటే అప్పటికే రిసీవర్ మేలుకొని ఉండాలి, అంటే యంత్రం ఆరి ఉన్నా ఆ యూఎస్‌బీ రంధ్రానికి కరెంటు అందుతూ ఉండాలి. మదర్‌బోర్డు ఆ వీలు ఇవ్వాలి, బయోస్ అనే ప్రారంభ అమరికల్లో దాన్ని ఎవరో ఒకరు తెరిచి ఉంచాలి. చేత్తో చేసుకున్న సీరియల్ రిసీవర్‌కు కరెంటు వచ్చేదే నడుస్తున్న కంప్యూటర్ నుంచి కనుక దానికి ఈ శక్తి లేదు. మీడియా సెంటర్ రిసీవర్‌కు ఉంది, కొనుగోలుదార్లలో అది నిలవడానికి అదీ ఒక కారణమే. రాస్ప్‌బెర్రీ పై తొలి బోర్డుల్లో నిద్ర అన్న స్థితే లేదు: ఆపితే మళ్లీ లేపడానికి కరెంటు తీసి పెట్టడమే అప్పట్లో సాధారణ మార్గం. ఆ బోర్డు కొన్ని వాట్లకు మించి తీసుకునేది కాదు గనుక దాని యజమానులు చాలామంది దాన్ని ఆపడమే మానేసి, రిమోట్ మీది పవర్ బటన్‌ను టీవీకి మాత్రమే వదిలిపెట్టారు.